వార్డులో నర్సులు చాలనప్పుడు సర్కారును ఎలా అడగాలి

ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇప్పటికీ నా దగ్గర పనిచేసిన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఎమ్మెల్యే గారు రేపు విజిట్‌కి వస్తున్నారట, వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం, ఒకసారి చూస్తారా" అంటారు. పంపించమంటాను. "మాకు పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నది, కావున సిబ్బందిని పెంచగలరని మనవి" అని ఉంటుంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ కాగితం మీద ఎమ్మెల్యే గారు "తగు చర్య నిమిత్తం" అని రాసి సూపరింటెండెంట్‌కే పంపిస్తారు. సూపరింటెండెంట్‌కి ఒక్క పోస్టు ఇచ్చే అధికారం కూడా లేదు. కాగితం బీరువాలోకి పోతుంది.

ఒక వార్డుకు ఇంకో నలుగురు నర్సులు కావాలంటే ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితంతో అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు తెలిసింది తెలంగాణ పద్ధతి. ఆంధ్రలో ఆఫీసుల పేర్లు కొంత వేరు, ఫైలు నడిచే తీరు మాత్రం దాదాపు ఇదే.

ముందు మీ కొరత ఏ రకమో తేల్చుకోండి

వార్డులో మనిషి లేదు, అంతే కదా అనిపిస్తుంది. ఆఫీసులో మాత్రం ఆ లేకపోవడానికి నాలుగు వేర్వేరు కారణాలు, నాలుగు వేర్వేరు టేబుళ్లు.

మొదటిది, పోస్టు మంజూరై ఉంది, ఖాళీగా ఉంది. దాన్ని నింపాలంటే ఆర్థిక శాఖ అనుమతి రావాలి, తర్వాత మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ వేయాలి. జిల్లాలో ఎవరి చేతుల్లోనూ లేదు.

రెండోది, పోస్టులో మనిషి ఉంది, జీతం మీ ఆసుపత్రి నుంచే పోతోంది, పని మాత్రం డెప్యుటేషన్ మీద ఇంకో ఊళ్లో చేస్తోంది. దీన్ని తిప్పడానికి కొత్త పైసా అవసరం లేదు, శాఖాధిపతి ఒక్క ఆర్డర్ ఇస్తే చాలు. అందుకే నేను ఎవరికైనా ముందు దీన్నే అడగమంటాను. డెప్యుటేషన్ మీద వెళ్లిన ప్రతి అమ్మాయికీ ఒక కారణం ఉంటుంది, భర్త ఉద్యోగమో, పిల్లల చదువో. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు, పేరు కూడా రాయొద్దు. "ఫలానా ఆసుపత్రి నుంచి డెప్యుటేషన్‌పై ఉన్న ఇన్ని పోస్టులు" అని అంకె రాస్తే సరిపోతుంది.

మూడోది అన్నిటికంటే పెద్ద చిక్కు. మంచాలు పెరిగాయి, పోస్టులు పెరగలేదు. 100 పడకల ఆసుపత్రికి ఇంకో బ్లాక్ కట్టి రిబ్బన్ కత్తిరిస్తారు, నర్సు పోస్టులు మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి. కొత్త పోస్టు పుట్టాలంటే సూపరింటెండెంట్ ప్రతిపాదన శాఖాధిపతికి, అక్కడి నుంచి ఆరోగ్య శాఖ కార్యదర్శికి, అక్కడి నుంచి ఆర్థిక శాఖకు వెళ్లి, చివరికి జీఓగా రావాలి. ఆ మొదటి ప్రతిపాదన అసలు కదలనే లేదన్న సంగతి చాలాచోట్ల ఎవరికీ తెలియదు. సంవత్సరాల తరబడి "పైన పెండింగ్‌లో ఉంది" అనే అనుకుంటూ ఉంటారు.

నాలుగోది, జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్ట్ నర్సులు. ఇక్కడ డబ్బు కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40 పాళ్లు. రాష్ట్రం ముందుగా అమలు ప్రణాళిక రాసి ఢిల్లీకి పంపుతుంది, అందులో ఉన్నదానికే డబ్బు వస్తుంది. కాబట్టి ప్రణాళిక తయారయ్యే ముందే అడగాలి. దీనికి ఎమ్మెల్యేతో పాటు ఎంపీని కూడా కలవడం మంచిది.

లెక్క వార్డులోనే దొరుకుతుంది

మన దగ్గర రిజిస్టర్లకు కొదవ లేదు. రాత్రి పన్నెండు గంటల సెన్సస్ (ఆ వేళకు వార్డులో ఉన్న రోగుల లెక్క), డ్యూటీ చార్ట్, షిఫ్టు మారేటప్పుడు రాసే ఓవర్ రిపోర్ట్ బుక్. ఈ మూడూ ఉంటే మీ వార్డు కథంతా ఉన్నట్టే. ఒక నెల రోజులకు ఒక పట్టిక వేయండి: తేదీ, మంజూరైన మంచాలు, సెన్సస్‌లో ఉన్న రోగులు, మార్నింగ్‌లో ఎందరు నర్సులు, ఈవెనింగ్‌లో ఎందరు, నైట్‌లో ఎందరు. రోగుల పేర్లు, జబ్బులు, ఐపీ నంబర్లు అందులోకి రాకూడదు. ఫొటోలు అసలే తీయొద్దు. కింద పడుకున్న రోగి వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే జనం ఒక పూట అయ్యో అంటారు. ఆ రోగి పరువు పోతుంది, మీకు మెమో వస్తుంది, పోస్టు మాత్రం రాదు.

ఇక లెక్క ఎలా కట్టాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మెడికల్ వార్డులో మంచాలు 30 అనుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సాధారణ ఆసుపత్రిలో ఐదు మంచాలకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో మూడు మంచాలకు ఒక నర్సు, ఆపైన సెలవుల కోసం 30 శాతం అదనం. కొందరు దీన్ని ప్రతి షిఫ్టుకూ ఇంతమంది అని చదువుతారు. నేనైతే మొత్తం మంచాలకు మొత్తం పోస్టులు అనే తక్కువ లెక్కనే పట్టుకోమంటాను, ఆఫీసులో ఎవరూ "ఎక్కువ చేసి చెప్పారు" అని పక్కన పెట్టలేరు. ఆ తక్కువ లెక్కలో 30 మంచాలకు ఆరుగురు, సెలవుల అదనం కలిపితే ఎనిమిది మంది.

ఇప్పుడు సెన్సస్ తీయండి. డెంగీ సీజన్‌లో ఆ వార్డులో 46 మంది ఉన్నారనుకోండి. అదే ప్రమాణంతో కడితే పన్నెండు మంది కావాలి. మంచాల లెక్కకూ మనుషుల లెక్కకూ మధ్య నలుగురు నర్సుల తేడా. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. ఒక్కటే రాస్తే దానికి బలం ఉండదు.

ఇంకో సంగతి చాలామంది గమనించడం లేదు. 2022 నవంబరులో తెలంగాణలో ఒకే రోజు 8 ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మహబూబాబాద్, జగిత్యాల, వనపర్తి, కొత్తగూడెం వంటివి అందులోవే. మరుసటి ఏడాది ఇంకొన్ని వచ్చాయి. కాలేజీ వచ్చిన చోట ఆసుపత్రి బోధనాసుపత్రి అవుతుంది. అంటే ప్రమాణం ఐదుకు ఒకటి నుంచి మూడుకు ఒకటికి మారుతుంది. అదే 30 మంచాల వార్డుకు ఎనిమిది కాదు, పదమూడు పోస్టులు. కాలేజీ రావడం మా జిల్లాల్లో ఎంత పెద్ద వరమో నాకు తెలుసు, వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎంకి వెళ్లే దారిలో ప్రాణాలు పోయిన వాళ్లను చూశాను. ఆ వరం వార్డులో పూర్తిగా అందాలంటే డాక్టర్ పోస్టులతో పాటు నర్సు పోస్టులూ పెరగాలి. మీ జిల్లాకు కాలేజీ వచ్చి ఉంటే మీ వినతిలో మొదటి వాక్యం ఇదే కావాలి.

ఆర్టీఐ వేయండి, "ఎందుకు" అని అడగొద్దు

వార్డు పట్టిక మీ సొంత లెక్క. సర్కారు లెక్క చేతిలో లేకుండా ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, అయినా మన వాళ్లకు అదంటే ఇంకా టెన్షనే. నిజానికి చాలా తేలిక. తెలుగులోనే రాయొచ్చు. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు వంటి పేదరిక రుజువు ఉన్నవాళ్లకు అదీ లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, డొంకతిరుగుడుగా వచ్చినా, ఇంకో 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు ఆఫీసుకు పంపినా భయం లేదు, వాళ్లే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి.

"నర్సులను ఎందుకు నియమించడం లేదు" అని అడిగితే జవాబు రాదు. ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న కాగితం, అభిప్రాయం కాదు. ఇలా అడగండి:

"1. ఈ ఆసుపత్రిలో మంజూరైన పడకల సంఖ్య, అందుకు సంబంధించిన జీఓ నకలు.
2. మంజూరైన నర్సింగ్ పోస్టులు కేడర్ వారీగా, భర్తీ అయినవి, ఖాళీగా ఉన్నవి, డెప్యుటేషన్‌పై వేరే చోట పనిచేస్తున్నవి.
3. గత మూడేళ్లలో నెలవారీగా పడకల వినియోగ శాతం.
4. అదనపు నర్సింగ్ పోస్టుల కోసం ఈ ఆసుపత్రి నుంచి పై అధికారులకు పంపిన ప్రతిపాదనల నకళ్లు, పంపిన తేదీలతో."

నాలుగో ప్రశ్న మీద కన్నేసి ఉంచండి. "అలాంటి ప్రతిపాదన ఏదీ పంపలేదు" అని జవాబు వస్తే, మీ పని సెక్రటేరియట్‌లో లేదు, మీ ఆసుపత్రిలోనే ఉంది. ముందు సూపరింటెండెంట్ దగ్గర కూర్చుని ఆ ప్రతిపాదన రాయించాలి. మాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో సరిగ్గా ఇదే జరిగింది. కొత్త బ్లాక్ తెరిచి ఏళ్లయినా పోస్టుల కోసం ఒక్క కాగితం పైకి వెళ్లలేదు. ఆర్టీఐ జవాబు చేతికి వచ్చిన నెలలోనే ప్రతిపాదన వెళ్లింది.

ఎవరు వెళ్లాలి

ఇక్కడ జాగ్రత్తగా వినండి. సర్వీసులో ఉన్న నర్సుకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. రాజకీయాల్లో పాల్గొనకూడదు, ప్రభుత్వ విధానాన్ని పత్రికల్లో విమర్శించకూడదు, తన సర్వీసు పనుల కోసం బయటి పలుకుబడి వాడకూడదు. కాబట్టి ఒంటరిగా ఎమ్మెల్యే ఇంటికి పోవద్దు. విలేకరికి పేరుతో మాట ఇవ్వొద్దు. పెద్ద సమస్య మాట్లాడుతూ మధ్యలో "నా ట్రాన్స్‌ఫర్ కూడా కొంచెం చూడండి సార్" అంటే ఇక మొత్తం వినతి విలువ పోతుంది. ఇది నేను చాలాసార్లు కళ్లారా చూశాను.

సర్వీసులో ఉన్నవాళ్లు గుర్తింపు ఉన్న సంఘం ద్వారా, సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లాలి. ఇక ఆర్టీఐ వేయడం, ఎమ్మెల్యేను కలవడం, పేపర్‌తో మాట్లాడటం మాలాంటి రిటైరైన వాళ్లు చేయొచ్చు. మీ ఊళ్లో రిటైరైన సిస్టర్ ఒకరైనా ఉంటారు, అడగండి, కాదనరు. మాతో పాటు రోగుల తరఫు వాళ్లు కూడా రావాలి. ఆ వార్డులో తల్లిని పెట్టుకుని వారం రోజులు నేల మీద పడుకున్న కొడుకు వచ్చి చెబితే, నేను చెప్పినదానికన్నా పది రెట్లు వింటారు. అడిగేది నర్సుల సుఖం కోసం కాదు, ఆ రోగుల కోసమే అన్నది అతను పక్కన నిలబడితేనే కనబడుతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఆంధ్రలో కూడా సోమవారమే అర్జీలు తీసుకుంటారు. అక్కడ ఇచ్చిన దానికి నంబరు వస్తుంది, ఆ నంబరు మీద జవాబు రాయక తప్పదు. కలెక్టర్ పోస్టులు ఇవ్వలేరు గానీ, జిల్లా లోపలి సర్దుబాట్లకు గట్టిగా చెప్పగలరు.

ఎమ్మెల్యే ముందు ఐదు నిమిషాలు

ఎమ్మెల్యేలు పొద్దున ఇంటి దగ్గర జనాన్ని కలుస్తారు. పెన్షన్ రాలేదని ఒకరు, భూమి పాస్‌బుక్కని ఒకరు, పోలీస్ కేసని ఒకరు. మీ వంతు వచ్చేసరికి ఆయనకు ఓపిక తగ్గి ఉంటుంది. ముందు పీఏతో మాట్లాడి సమయం తీసుకోండి. నలుగురైదుగురు చాలు. ఒక్కరే మాట్లాడాలి.

వార్డు లోపల ఏం జరుగుతుందో ఆయనకు కళ్లకు కట్టాలి. నేను ఎప్పుడూ పొద్దుటి ఆరు గంటల ఇంజెక్షన్ల గురించే చెబుతాను. యాంటీబయాటిక్ పొడి వయల్‌లో స్టెరైల్ వాటర్ ఎక్కించి, కరిగేదాకా ఊపి, కేస్ షీట్‌లో పేరు, డోసు చూసి, చేతికి పెట్టిన సూదిగొట్టం (కాన్యులా) దగ్గర వాపు ఉందేమో చూసి, మెల్లగా ఎక్కించి, సంతకం పెట్టాలి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు వేసుకోండి, అదీ ఏ ఆటంకమూ లేకపోతే. 46 మందికి 184 నిమిషాలు. మూడు గంటలు దాటింది. నైట్ డ్యూటీ ఎనిమిదికే ముగుస్తుంది. మధ్యలో ఒక్కరికి ఆయాసం వచ్చినా, ఒక్క సెలైన్ ఆగినా, చివరి మంచం వాళ్లకు ఆరు గంటల మందు తొమ్మిదిన్నరకు అందుతుంది. ఈ లెక్క చెప్పాక ఒక ఎమ్మెల్యే గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎన్ని పోస్టులు కావాలమ్మా, ఎవరు ఇవ్వాలి?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు సిద్ధంగా ఉండాలి.

ఆ కాగితం ఒక్క పేజీ దాటకూడదు. నమూనా ఇది, అంకెలు మీవి వేసుకోండి:

"గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి,
మన జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది. మెడికల్ వార్డులో మంజూరైన పడకలు 30. ఆగస్టులో రాత్రి సెన్సస్ సగటు 46. మంజూరైన నర్సు పోస్టులు 8. పనిచేస్తున్నవారు 5, డెప్యుటేషన్‌పై 2, ఖాళీ 1. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఒక్క నర్సే ఉంటున్నారు.
కోరేవి: ఒకటి, రెండు డెప్యుటేషన్లు రద్దు చేయించడం, శాఖాధిపతి ద్వారా. రెండు, ఒక ఖాళీని తదుపరి నియామకాల్లో చేర్చడం. మూడు, బోధనాసుపత్రి ప్రమాణం ప్రకారం అదనంగా 5 పోస్టుల మంజూరుకు ఆరోగ్య శాఖ, ఆర్థిక శాఖలకు సిఫారసు.
జతచేసినవి: ఆర్టీఐ జవాబు, నెల రోజుల పట్టిక."

వెనక ఒక చిన్న పేరా చేర్చండి, బయటి దేశాల అనుభవం గురించి. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. నర్సుకు ఒక్క రోగి పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒక నర్సు అని చట్టమే చేసింది. అంత మనం ఇప్పుడు అడగడం లేదు. అడిగేదానికి ఆధారం ఉందని చూపించడానికే ఇది.

"చూస్తానమ్మా" అన్న మాటతో లేచి రావొద్దు. రెండు పనులు కోరండి. ఆరోగ్య మంత్రికి ఆయన లెటర్‌ప్యాడ్ మీద ఉత్తరం, దాని నకలు మీకు. ఆ ఉత్తరం సెక్రటేరియట్‌లో ఏ నంబరు కింద చేరిందో పీఏ కనుక్కోగలరు, ఆ నంబరు లేకుండా ఫైలును వెంబడించడం కుదరదు. రెండోది, అసెంబ్లీలో ప్రశ్న. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. ప్రశ్న మీరే రాసి ఇవ్వండి, రెండు వాక్యాల్లో. సభలో మంత్రి "భర్తీ చేస్తాం" అంటే అది హామీ అవుతుంది, హామీల అమలును చూసే కమిటీ శాసనసభలో ఉంది. అధికార పక్షం ఎమ్మెల్యే ప్రశ్న వేయడానికి మొహమాటపడితే ప్రతిపక్షం సభ్యుడిని, ఎమ్మెల్సీని అడగండి. ఏ ఒక్క పార్టీకీ మీ కాగితాన్ని అప్పగించొద్దు, అందరికీ అదే కాగితం ఇవ్వండి.

ఎప్పుడు అడగాలి

బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభ ముందుకు వస్తుంది. అప్పుడు వెళితే ఆలస్యమైనట్టే, శాఖలు అంచనాలు పంపేది అంతకు కొన్ని నెలల ముందే. దసరా, దీపావళి మధ్య మీ కాగితం చేరాలి. డెంగీ, వైరల్ జ్వరాలతో వార్డులు నిండి ఉండేది కూడా ఆ ముందు నెలల్లోనే కాబట్టి సెన్సస్ అంకెలు తాజాగా ఉంటాయి. జాతీయ ఆరోగ్య విధానం 2017 రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలంది. ఈ ఏడాది మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో ఎంత ఉందో చూసి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన చెప్పండి. ఎన్నికల కోడ్ వచ్చాక కొత్త మంజూర్లు ఉండవు. కానీ మేనిఫెస్టోలు రాసుకునేటప్పుడు అన్ని పార్టీలూ వినతులు తీసుకుంటాయి.

పోస్టులు కాని చిన్న పనులకు అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. నైట్ సిస్టర్ కాసేపు కూర్చోవడానికి గది, గడియ ఉన్న బాత్రూం, వార్డు బయట లైటు, స్ట్రెచర్ తోసే మనిషి, ఆన్‌లైన్ ఎంట్రీలకు ఆపరేటర్. ఇవన్నీ ఆసుపత్రి అభివృద్ధి కమిటీ తీర్మానంతో అయ్యేవే. సమావేశం అజెండాలో చేర్చమని ముందే రాసి ఇవ్వండి. నర్సు ఇండెంట్లు (స్టోర్ నుంచి మందులు, సామాను తెప్పించే చీటీలు) రాస్తూ, కంప్యూటర్ ముందు కూర్చునే గంట కూడా రోగికి దూరమైన గంటే.

వార్డులో దాడి జరిగితే మాత్రం వినతుల దారి కాదు. ఆసుపత్రుల మీద దాడులకు 2008లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం ఉంది. నర్సులకూ వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు, బెయిల్ లేని కేసు. సూపరింటెండెంట్ సంతకంతో ఆ పూటే ఫిర్యాదు వెళ్లాలి. రాజీ పడమని ఎవరు నచ్చజెప్పినా, ముందు ఫిర్యాదు, తర్వాతే మాటలు.

ఆర్డర్ వచ్చాక

మా దగ్గర ముందుగా వచ్చింది డెప్యుటేషన్ రద్దు ఆర్డరే. వార్డులో పిల్లలు స్వీట్లు పంచుకున్నారు. నేను మాత్రం చార్జ్ తీసుకున్నారా అని అడుగుతూనే ఉన్నాను, ఎందుకంటే ఆర్డర్ వచ్చినా రిలీవ్ చేయకుండా అవతలి ఆసుపత్రి ఆపేయొచ్చు. జాయినింగ్ రిపోర్ట్ నకలు చూసేదాకా పని అయినట్టు లెక్కపెట్టొద్దు. కొత్త నియామకాల్లో మీ ఆసుపత్రికి ఎందరిని చూపించారో, వాళ్లలో ఎందరు చేరారో, ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారో మళ్లీ ఆర్టీఐతో తీయండి. పాత ప్రశ్నలే, తేదీ మార్చి పంపితే చాలు. పట్టిక వేయడం ఆపొద్దు, వార్డులో ఇంకో జూనియర్‌కి కూడా నేర్పండి, మీకు బదిలీ అయినా ఆ పుస్తకం అక్కడే ఉండాలి. సాయం చేసిన ఎమ్మెల్యేకు, పీఏకు, రాసిన విలేకరికి వెళ్లి థాంక్స్ చెప్పి, రాత్రి డ్యూటీలో ఇప్పుడు ఇద్దరున్నారని డ్యూటీ చార్ట్ చూపించండి. రెండో వార్డు కాగితం కూడా అదే రోజు చేతిలో పెట్టండి.